నా క్లాసికల్ చదువే నా జాజ్‌కి అడ్డమా?

ఈ వారం ఉత్తరం చాలా పెద్దది. పేరు, ఊరు బయటపెట్టవద్దని రాసినామె కోరారు కాబట్టి సంగతి మాత్రం క్లుప్తంగా చెప్తాను.

ఆమెకి 27 ఏళ్లు. ఆరో ఏట పియానో మొదలుపెట్టారు. గ్రేడ్ పరీక్షలన్నీ దాటి, క్లాసికల్ పియానోలో డిగ్రీ పూర్తిచేశారు. ఇప్పుడు పగలు పిల్లలకి పియానో నేర్పుతారు, సాయంత్రాలు బ్యాలే క్లాసులకి పుస్తకం ముందు పెట్టుకుని వాయిస్తారు. పొద్దున్నే ఎవరూ అడగకపోయినా బాక్ ప్రెల్యూడ్ ఒకటి, ఫ్యూగ్ ఒకటి వాయించుకోనిదే ఇంట్లోంచి కదలరట. డిగ్రీ చివరి ఏడాదిలో జాజ్ మీద మనసు పడింది. వినడంతో మొదలై, ఇంట్లో సొంతంగా వాయించుకోవడం, ఆ తర్వాత జామ్ సెషన్లకి (వచ్చినవాళ్లంతా అప్పటికప్పుడు కలిసి వాయించే చోట్లకి) వెళ్లడం దాకా వచ్చింది. "ఒక్కదాన్నే ఉంటే చేతులు వాటంతట అవే నడుస్తాయి. పక్కన బేస్, డ్రమ్స్ ఉన్నాయంటే మాత్రం పరీక్ష హాల్లో కూర్చున్నట్టే టెన్షన్" అని రాశారు.

కిందటి నెల ఒక సెషన్‌లో ఆమె వంతు వచ్చింది. ఇ ఫ్లాట్ కీలో (శ్రుతిలో) సాధన చేసుకెళ్లిన పాత బల్లాడ్, అంటే నెమ్మదైన పాట, అది. ఆ రాత్రి పాడుతున్న గాయని "నాకు సి కీలో కావాలి" అంది. ఈమె ఐప్యాడ్‌లో పేజీ వెతుక్కుంటుండగానే డ్రమ్మర్ కౌంట్ ఇచ్చేశాడు. మొదటి ఎనిమిది బార్లు (తాళంలో ఒక్కో చిన్న విభాగం ఒక బార్) ఎలాగో నెట్టుకొచ్చారు. ఆ తర్వాత పాట ఎక్కడ నడుస్తోందో తెలియక, చేతులు ఒళ్లో పెట్టుకుని చివరిదాకా కూర్చుండిపోయారు. అంతా అయ్యాక బ్యాండ్ నడిపే పెద్దాయన "చెయ్యి బాగుందమ్మా, స్వింగే లేదు. క్లాసికల్ వాళ్లకి రాదది" అన్నారు. స్వింగ్ అంటే జాజ్ లయలో ఉండే ఊపు. కేబుల్ చుట్టుకుంటున్న బేసిస్ట్ "కింది నోట్లు నాకొదిలెయ్యండి, మీ ఎడమ చెయ్యి నా మీద పడుతోంది" అన్నాడట.

ఇది జరిగిన కొద్ది రోజులకే రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి, క్లాసికల్ పియానోలో రెండేళ్ల మాస్టర్స్, పూర్తి స్కాలర్‌షిప్‌తో. చిన్నప్పటినుంచీ నేర్పిన టీచర్ గారు సిఫారసు రాస్తే వచ్చిన సీటు అది. జవాబివ్వడానికి ఆరు వారాల గడువు. రెండోది, క్రూజ్ షిప్‌లో ఆరు నెలల కాంట్రాక్ట్. బేస్, డ్రమ్స్‌తో ట్రియో (ముగ్గురి బృందం), కొన్ని రాత్రులు గాయకులు కూడా. ఆడిషన్‌లో ఏ కాగితం పెట్టినా చూసీ చూడగానే వాయించడంతో వాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. జాజ్ సంగతి తెలిసి టీచర్ గారు "ఇన్నేళ్ల చేతిని చెడగొట్టుకుంటున్నావు" అన్నారు. అమ్మగారేమో "ఓడలో వాయించడానికా ఇంత చదువు? నలభై ఏళ్లొచ్చాక ఏం చేస్తావు?" అంటున్నారు. ఈమె అడుగుతున్నవి రెండు: నా చదువే నాకు అడ్డమా? వీటిలో ఏది తీసుకోను?

* * *

బ్యాండ్ పెద్దాయన మాట గురించి మీరు రెండు పేజీలు రాశారు. బేసిస్ట్ మాట ఒక్క లైనులో చెప్పి ముందుకెళ్లిపోయారు. నాకైతే ఉత్తరం మొత్తంలో ఆ లైనే విలువైనదిగా కనిపించింది. పెద్దాయన చెప్పింది తీర్పు. దాన్ని ఇంటికి తెచ్చుకుని బాధపడగలరు గానీ సాధన చెయ్యలేరు. బేసిస్ట్ చెప్పింది పాఠం. రేపు పొద్దునే మొదలుపెట్టొచ్చు. పైగా అతను మిమ్మల్ని మళ్లీ తన పక్కన కూర్చోబోయే మనిషిగా చూసి చెప్పాడు. మళ్లీ కలిసి వాయించే ఉద్దేశం లేనివాళ్లకి ఎవరూ ఆ వివరం చెప్పరు.

అతను అన్నదేమిటో చూద్దాం. సోలో పియానో వాయించేవాళ్ల రెండు చేతుల్లోనే బేసూ, మధ్య స్వరాలూ, పాటా అన్నీ ఉండాలి. మీరు అలాగే పెరిగారు. ట్రియోలో కింది స్వరాలు బేస్ వాయించే మనిషివి. మీ ఎడమ చెయ్యి కూడా అక్కడికే దిగితే రెండూ కలిసి బురద అవుతుంది. అతను ఆ క్షణంలో కార్డ్‌కి (కలిసి మోగే స్వరాల గుంపుకి) వేరే స్వరం ఎంచుకుంటే మరీ ఘోరం. స్వరాలని మోగుతూ ఉండనిచ్చే కుడి పెడల్ మీద మీ పాదం అలవాటుగా ఆగిపోతే ఇంకా చిక్కబడుతుంది. అందుకని ఎడమ చేతిని పైకి, మధ్య సి చుట్టుపక్కలకి తెచ్చుకుని, కార్డ్‌లో మూడో స్వరం, ఏడో స్వరం రెండే వాయించి చూడండి. సి కీలో డి మైనర్ సెవెన్త్‌కి ఎఫ్, సి. తర్వాత వచ్చే జి సెవెన్త్‌కి ఎఫ్ కదలదు, సి మాత్రం ఒక్క మెట్టు దిగి బి అవుతుంది. ఆఖర్న సి మేజర్ సెవెన్త్‌కి బి ఉండిపోతుంది, ఎఫ్ దిగి ఇ అవుతుంది. మూడు కార్డ్‌లు మారాయి, ప్రతిసారీ కదిలింది ఒక్క వేలే. రోజూ పొద్దున వాయించే ఫ్యూగుల్లో సస్పెన్షన్ (వెనకటి కార్డ్ నుంచి నిలిచిపోయిన స్వరం) ఒక మెట్టు దిగి స్థిమితపడుతుందే, అదే నడక ఇది. ఇది మీకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. మీ చేతికి ఎప్పుడో వచ్చు.

ఆ రాత్రి మిమ్మల్ని ముంచింది స్వింగ్ కూడా కాదు, కీ మారడం. గాయకులు తమ గొంతుకి తగ్గట్టు కీ మార్చమనడం ఈ వృత్తిలో రోజూ ఉండేదే. మీరు ఆ పాటని కాగితం మీది స్వరాలుగా గుర్తుపెట్టుకున్నారు కాబట్టి కాగితం పోగానే పాట పోయింది. జాజ్ వాళ్లు పాటని అంకెలుగా గుర్తుపెట్టుకుంటారు: రెండు, అయిదు, ఒకటి. అంటే ఆ కీలో రెండో స్వరం మీది కార్డ్, తర్వాత అయిదో స్వరం మీదిది, ఆఖర్న ఒకటో స్వరం మీదిది. ఇ ఫ్లాట్ అయితే ఎఫ్ మైనర్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్. సి అయితే డి మైనర్, జి, సి. డిగ్రీలో హార్మనీ పేపర్ కోసం మీరు రోమన్ అంకెలతో పేజీలకి పేజీలు రాసే ఉంటారు. ఆ జ్ఞానం ఇన్నాళ్లూ కంటిలో ఉండిపోయింది, చెవికీ చేతికీ దిగలేదు. ఏ కొత్త పాటా ఎత్తుకోకుండా ఆ బల్లాడ్ ఒక్కదాన్నే పన్నెండు కీలలో నెమ్మదిగా వాయించండి. రోజుకో కీ చాలు. నాలుగైదు కీలు దాటేసరికి కాగితం మీద బెంగ తగ్గిపోతుంది. రెండో పాట మొదటిదానిలో సగం కాలం కూడా తీసుకోదు.

ఇక దారి తప్పడం. దారి తప్పని జాజ్ పియానిస్ట్ లేరు. పరీక్షలో ఆగిపోతే మార్కులు పోతాయి కాబట్టి ఆగడమంటే మీకు పరువు పోవడమే. ట్రియోలో పియానో నాలుగు బార్లు ఊరుకుంటే ఎవరూ కంగారుపడరు, చాలామంది కావాలనే అలా ఊరుకుంటారు. మీరు చేతులు ఒళ్లో పెట్టుకోవడంలో తప్పేం లేదు. చెవి కూడా మూసేసుకున్నారే, అదే పొరపాటు. ఎక్కువ బల్లాడ్‌లు ముప్ఫై రెండు బార్లు, ఎనిమిదేసి బార్ల చొప్పున నాలుగు భాగాలు. చాలావాటిలో మూడో భాగంలో వరస మారుతుంది, గాయని గొంతు సాధారణంగా అక్కడ కొత్త చోటికి పోతుంది, డ్రమ్మర్ కూడా ఏదో ఒక సైగ ఇస్తాడు. అది వినిపించగానే మళ్లీ ఎక్కేయొచ్చు.

స్వింగ్ విషయంలో పెద్దాయన మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచను. క్లాసికల్ శిక్షణలో జంటగా వచ్చే చిన్న స్వరాలు సమానంగా ఉండాలని చేతికి పట్టించారు. స్వింగ్‌లో అవి సమానంగా ఉండవు. ఎంత తేడా అన్నది వేగాన్ని బట్టి మారుతుంది. నెమ్మది పాటలో తేడా ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ తగ్గి దాదాపు సమానమైపోతుంది. నొక్కు చాలాసార్లు రెండో స్వరం మీద పడుతుంది. ఇది కాగితం మీద రాయడానికి లొంగదు. ఇంకోటి, మీ లయ సాగే గుణం ఉన్న లయ. భావం కోసం ఒక చోట సాగదీసి ఇంకో చోట తీర్చేయడం సోలో వాయిద్యంలో అందం. ట్రియోలో లయ ముగ్గురిదీ, ఒకరు సాగదీస్తే మిగతా ఇద్దరికీ కాళ్ల కింద నేల కదులుతుంది. మెట్రోనోమ్‌ని సగం వేగానికి తగ్గించి, దాని దెబ్బ రెండో బీట్ మీద, నాలుగో బీట్ మీద పడేలా ఊహించుకుని వాయించండి. మొదటి వారం పిచ్చెక్కుతుంది. ఆ తర్వాత అది లేకపోతే తోచదు.

దానికంటే ముఖ్యమైన పని ఒకటుంది. మీకు నచ్చిన ఒక సోలో తీసుకుని, అందులో ఒక్క ఆవృతం (పాట మొదటినుంచి చివరిదాకా ఒక చుట్టు) మాత్రం, రికార్డింగ్‌తో పాటు పాడండి. ఊపిరి తీసుకునే చోటు కూడా కలిసేదాకా పాడాలి. అప్పటిదాకా పియానో ముట్టుకోవద్దు, నోటేషన్ రాసుకోవద్దు. వేరేవాళ్లకి రాసుకోమనే చెప్తాను, మీకు మాత్రం వద్దు. కాగితం కనిపించగానే మీ కన్ను చెవిని పక్కకి నెట్టేస్తుంది. పాడటం వచ్చాక అది పియానో మీద వెతుక్కోండి. స్వింగ్ అలాగే ఒంటికి పడుతుంది, "క్లాసికల్ వాళ్లకి" కూడా.

ఎందుకంటే క్లాసికల్ వాళ్లకి రాదన్నది చరిత్రలో నిలిచే మాట కాదు. జాజ్ పియానిస్ట్ ఆస్కార్ పీటర్సన్ గురువు పాల్ డి మార్కీ. డి మార్కీ గురువు ఇష్ట్వాన్ తొమాన్ స్వయంగా క్లాసికల్ పియానో దిగ్గజం ఫ్రాంజ్ లిస్ట్ శిష్యుడు. జాజ్ పియానిస్ట్ హెర్బీ హ్యాంకాక్ 1952లో, పదకొండేళ్ల వయసులో, షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో మోజార్ట్ 26వ పియానో కాన్సర్టో మొదటి భాగం వాయించాడు. ఆ కాన్సర్టో సంగతి మీ టీచర్ గారికి తప్పకుండా తెలిసి ఉంటుంది. 1788లో మోజార్ట్ దాన్ని రాసినప్పుడు ఎడమ చేతి భాగం చాలా చోట్ల ఖాళీగా వదిలేశాడు. రెండో భాగంలో అయితే ఎడమ చేతికి ఏమీ రాయలేదు. వాయించేది తనే కాబట్టి అప్పటికప్పుడు నింపుకోగలడు. ఇప్పుడు మనం అచ్చులో చూసే ఎడమ చెయ్యి ఆయన పోయాక వేరేవాళ్లు పూరించినది. అంటే మీరు నేర్చుకున్న సంప్రదాయంలోనూ మనోధర్మం ఉండేది. పరీక్షలకి అది అక్కర్లేకపోయింది, అంతే.

27 ఏళ్లు ఆలస్యమా అని ఒక మూల రాశారు. కాదు. జాజ్ పియానిస్ట్ బిల్ ఎవాన్స్ 1950లో క్లాసికల్ పియానోలో డిగ్రీ తీసుకున్నాడు. పేరుమోసిన జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందంలోకి వెళ్లింది 1958లో. మధ్యలో ఎనిమిదేళ్లు డాన్స్ బ్యాండ్లు, సైన్యంలో బ్యాండ్, చిన్నా చితకా పనులు, మళ్లీ చదువు. ఒక తేడా మాత్రం మనసులో పెట్టుకోండి. అతను కుర్రతనం నుంచీ డాన్స్ బ్యాండ్లలో పదిమందితో కలిసి వాయించినవాడు. మీకు లేనిది ఆ సహవాసం. ఇకపై ఏ దారి పట్టినా "ఇందులో నేను ఎవరి పక్కన కూర్చుంటాను, వారానికి ఎన్నిసార్లు" అన్న ప్రశ్నతోనే కొలవమంటాను. మీ వేళ్ల స్పర్శ, ఒక్కో స్వరాన్ని విడిగా పలికించే నేర్పు, చూసీ చూడగానే వాయించడం, వీటి కోసం చెవితో నేర్చుకున్న జాజ్ వాళ్లు ఏళ్ల తరబడి కష్టపడతారు. మీకవి ఉన్నాయి. మీకు లేనిది వాళ్ల దగ్గర ఉంది. కలిసి కూర్చుంటే తప్ప అది అందదు.

అవకాశాల సంగతికి వచ్చేముందు టీచర్ గారి గురించి చెప్పాలి. మీ ఉత్తరంలో అసలు ముడి అక్కడే పడిందని నాకనిపిస్తోంది. సీటు గురించి రాసిన పేరాలో ఆ రెండేళ్లు ఏం వాయించాలనుకుంటున్నారో ఒక్క ముక్క లేదు. ఆవిడ సిఫారసు రాశారని మాత్రం మూడుసార్లు ఉంది. ఋణం తీర్చుకోవడానికి చేరే చదువు మీకూ మంచిది కాదు, ఆవిడకీ మంచిది కాదు. రెండేళ్లలో ఏదో ఒక రోజు ఆ కోపం ఆవిడ మీదకే మళ్లుతుంది. చెయ్యి చెడిపోతుందన్న ఆవిడ భయాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. గట్టిగా మోగే డ్రమ్స్ మీదుగా వినిపించాలని పాడైపోయిన పియానోల మీద బలం వేసి కొట్టి మణికట్లు నొప్పి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఆవిడ నేర్పిన భుజం బరువు, వదులైన మణికట్టు మీకు అక్కడే అక్కరకొస్తాయి. ఈ మాట ఆవిడతో నేరుగా అనండి: "మీరు నేర్పిన పద్ధతి వదలను. దాన్ని కాపాడుకుంటూ జాజ్ ఎలా వాయించాలో మీరే చూసి చెప్పండి." అడిగితే కాదనే గురువులు తక్కువ. ఒకవేళ కాదన్నా, చాటుగా చేస్తున్నానన్న భారం మీకు దిగిపోతుంది.

ఇక మాస్టర్స్. రెండేళ్లు ఖర్చుల బెంగ లేకుండా మంచి పియానో మీద సాధన చేసుకునే వీలు మళ్లీ మళ్లీ రాదు. పెద్ద సంస్థల్లో పాఠాలు చెప్పాలంటే ఆ డిగ్రీ చాలాచోట్ల అడుగుతారు కాబట్టి అమ్మగారి ప్రశ్నకి కూడా అది కొంత జవాబు. నష్టం ఏమిటంటే, రిసైటల్ (సోలో కచేరీ) ప్రోగ్రామ్ తయారుచేయడం రోజులో నాలుగైదు గంటలు మింగేస్తుంది. మిగిలిన శక్తితో జాజ్ నేర్చుకుందామంటే కష్టం. ఆ సంస్థలో జాజ్ విభాగం ఉందో లేదో మీరు రాయలేదు, బహుశా చూడలేదు. ఉంటే, క్లాసికల్ విద్యార్థిని వాళ్ల చిన్న బృందాల క్లాసులో కూర్చోనిస్తారా అని అడగండి. కూర్చోనిస్తే ఈ దారి విలువ రెట్టింపవుతుంది. లేకపోతే రెండేళ్ల తర్వాత మీరు మరింత మంచి క్లాసికల్ పియానిస్ట్‌గా, జాజ్‌లో ఇప్పుడున్న చోటే ఉంటారు. అది కూడా తప్పు కాదు. జాజ్ పియానిస్ట్ కీత్ జారెట్ ఊహకి తోచినట్టు గంటల తరబడి సోలో కచేరీలు చేసిన మనిషి, 1987లో కూర్చుని బాక్ 24 ప్రెల్యూడ్‌లు, ఫ్యూగ్‌ల మొదటి సంపుటం రికార్డ్ చేశాడు. ఒకటి పట్టుకుంటే రెండోది చచ్చిపోదు. కాకపోతే మీకు ఆ రెండేళ్లు ఆ సంగీతం కోసమే కావాలి. పొద్దున ఎవరూ అడగకుండా ఫ్యూగ్ వాయించుకునే మనిషికి క్లాసికల్ మీద విరక్తి పుట్టిందని నేను అనుకోను. మీకు విసుగొచ్చింది పరీక్షల మీద. మాస్టర్స్‌లో పరీక్ష ఎంత, సంగీతం ఎంత అన్నది అక్కడ చదువుతున్న ఇద్దరు ముగ్గురిని అడిగితే తెలుస్తుంది.

ఓడ. మీకిప్పుడు లేనిది సరిగ్గా అక్కడ ఉంది: రోజూ రాత్రి అదే బేసిస్ట్, అదే డ్రమ్మర్, ఏ గాయకుడు ఏ కీ అడుగుతాడో తెలియని పరిస్థితి. లయ సరిదిద్దుకోవడానికి అంతకంటే మంచి బడి నాకు తెలియదు. అయితే అక్కడ వాయించేదంతా జాజ్ అనుకుని ఎక్కకండి. కోరిన పాటలు, డాన్స్ పాటలు, తింటూ మాట్లాడుకునేవాళ్ల వెనక మెల్లగా వినిపించే పాటలు ఎక్కువ. సోలోకి ఒక ఆవృతం దొరికితే గొప్ప. ఒక్క కాంట్రాక్ట్ వరకూ అది చదువే. రెండోది, మూడోది అలా పోతూ ఉంటే నేల మీద మిమ్మల్ని పిలిచే బృందం ఉండదు. సెషన్లలో మీ ముఖం మరిచిపోతారు, చేతికి అవే పాటలు అవే పద్ధతిలో గడ్డకట్టిపోతాయి. అదీ గౌరవమైన బతుకే, కానీ మీరు ఉత్తరంలో కలగన్నది అది కాదు.

ఇలాంటి పనులు మనిషిని ఎటు తిప్పుతాయో ముందే చెప్పలేం. నీనా సిమోన్ క్లాసికల్ కచేరీ పియానిస్ట్ కావాలనే పెరిగింది. 1951లో కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత కళాశాల సీటు ఇవ్వలేదు. 1954లో అట్లాంటిక్ సిటీలో ఒక బార్‌లో పియానో పని దొరికితే, వాళ్లు పాడితేనే ఉద్యోగం అన్నారు. అలా గాయని అయింది. బార్‌లో వాయిస్తున్నట్టు అమ్మకి తెలియకూడదని పేరు కూడా మార్చుకుంది. లోకానికి మిగిలింది ఆ మార్చుకున్న పేరే. ఆమె సోలోల్లో మాత్రం బాక్ దగ్గర నేర్చుకున్న అల్లిక చివరిదాకా వినిపిస్తూనే ఉంది. అదృష్టం అందరికీ అలా తిరగదు. యజమాని అడిగింది చేస్తూ పోతే మనం ఆ యజమాని కోరిన ఆకారంలోకే మారతాం. ఓడకి వెళ్తే, దిగాక ఎవరితో కలిసి వాయించాలో ఎక్కేముందే మాట్లాడుకుని వెళ్లండి.

మీరు రాయని దారి ఇంకోటుంది: రెండూ వద్దనుకుని ఉన్నచోటే ఉండడం. వారానికి ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని, ఆ బేసిస్ట్‌ని అడిగి, ఒక డ్రమ్మర్‌ని వెతుక్కుని ఇంట్లోనే కలిసి వాయించడం, ఒక జాజ్ టీచర్‌ని పెట్టుకోవడం. సర్టిఫికెట్ రాదు, ఎవరూ మెచ్చుకోరు, అలసిపోయిన రోజున మానేసినా అడిగేవాళ్లు ఉండరు. నిలకడ ఉన్నవాళ్లకే ఇది. కానీ మీకు చేతిలోనే ఒక వసతి ఉంది, మీరు గమనించలేదు. బ్యాలే క్లాసుల్లో చాలామంది పియానిస్ట్‌లు పుస్తకం లేకుండా అప్పటికప్పుడు అల్లి వాయిస్తారు. టీచర్ "వాల్ట్జ్, ముప్ఫై రెండు లెక్కలు" అంటే చాలు, ఎనిమిదేసి చొప్పున కట్టుకుంటూ పోతారు. పిల్లల పాదాలు మీ లయ మీదే ఆధారపడతాయి కాబట్టి సాగదీయడం కుదరదు. పుస్తకం మూసేసి, మొదట ఒక్క వ్యాయామానికి, ఎడమ చేతిలో నాలుగు కార్డ్‌లతో అల్లి చూడండి. జీతం ఇచ్చి మరీ మనోధర్మం సాధన చేయిస్తున్న చోటు అది. పై మూడింటిలో ఏది ఎంచుకున్నా ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు. జాజ్‌లోనే ఒక డిగ్రీ చేద్దామా అన్న ఆలోచన మాత్రం ఇప్పుడే వద్దంటాను. ఏడాది పాటు నలుగురితో వాయించాక ఆడిషన్‌కి వెళ్తే మీకు దక్కేది వేరుగా ఉంటుంది.

డబ్బు గురించి నిజం చెప్పాలి. క్లబ్బుల్లో జాజ్ వాయించి మాత్రమే బతికేవాళ్లు ఎక్కడైనా బహు తక్కువ. మిగతావాళ్లు పాఠాలు చెప్తారు, గాయకులకి వాయిస్తారు, సంగీత నాటకాలకి, రికార్డింగ్‌లకి, వేడుకలకి వెళ్తారు, అరేంజ్‌మెంట్లు రాస్తారు. ఆ పనుల్లో ముందు ఫోన్ వచ్చేది రిహార్సల్ లేకుండా కాగితం చూసి వాయించగలిగినవాళ్లకే. మీకు ఓడ పని వచ్చిందే అందుకు. వృథా అని మీరు భయపడుతున్న చదువే ముందుముందు మీ ఇంటి ఖర్చులో సింహభాగం మోస్తుంది. నలభై ఏళ్లకి ఏం చేస్తావని అమ్మగారు అడిగితే కళ గురించి చెప్పకండి, ఇది చెప్పండి. ఏ పని నుంచి నెలకి ఎంత వస్తుందో కాగితం మీద రాసి చూపించండి. తల్లిదండ్రుల ఆందోళన మీ ఇంట్లో మొదలైంది కాదు. మరియన్ మెక్‌పార్ట్‌లాండ్ 1938లో లండన్ గిల్డ్‌హాల్ స్కూల్ చదువు మధ్యలో వదిలి నాలుగు పియానోల వినోద బృందంతో ఊళ్లు తిరగడానికి వెళ్తుంటే, ఆగిపొమ్మని తండ్రి వెయ్యి పౌండ్లు ఇవ్వజూపాడు. ఆవిడ ఆగలేదు. తర్వాత అమెరికాలో పేరున్న జాజ్ పియానిస్ట్ అయి, మూడు దశాబ్దాలకి పైగా రేడియోలో తోటి పియానిస్ట్‌లని కూర్చోబెట్టుకుని మాట్లాడుతూ, కలిసి వాయిస్తూ గడిపింది. మీకూ అలాగే జరుగుతుందని చెప్పడానికి కాదు. ఆ తండ్రి భయంలోనూ అర్థం ఉంది, ఆ కూతురి మొండితనంలోనూ ఉంది. మీ అమ్మగారితో మాట్లాడేటప్పుడు రెండింటికీ చోటివ్వండి.

నా మొగ్గు ఎటు అంటే చెప్తాను, తీసుకోవడం మీ ఇష్టం. ఈ వారమే సంస్థకి రాసి, సీటు ఒక ఏడాది వాయిదా వేస్తారా, వేస్తే స్కాలర్‌షిప్ కూడా నిలుస్తుందా అని విడివిడిగా అడగండి. సీటు నిలిపి డబ్బు నిలపని సంస్థలూ ఉంటాయి. రెండూ నిలిస్తే ఓడ ఎక్కి, దిగి, ఆ తర్వాత చదువుకి వెళ్లండి. నిలవకపోతే, అక్కడ జాజ్ బృందాల్లో చోటు ఉంటే సీటే తీసుకోమంటాను. ఓడ పనులు మళ్లీ వస్తాయి, ఈ స్కాలర్‌షిప్ రాకపోవచ్చు. ఆ చోటు లేదని తేలితే, ఆ రెండేళ్ల రిసైటల్ ప్రోగ్రామ్‌లో ఏమేం వాయిస్తారో మీ మనసుకి నచ్చినట్టు ఒక కాగితం మీద రాయండి. రాస్తుంటే ఉత్సాహం పుడితే వెళ్లండి. పేజీ నిండకపోతే టీచర్ గారికి చెప్పి వదులుకోండి.

ఓడ వాళ్లని కూడా కొన్ని అడగాలి. బేసిస్ట్, డ్రమ్మర్ ఆరు నెలలూ వాళ్లే ఉంటారా, మధ్యలో మారతారా? రాత్రికి ఎన్ని గంటలు వాయించాలి? పగలు సాధనకి ఏ పియానో ఇస్తారు, అది ప్రయాణికులు కూర్చునే హాల్లోదేనా? ట్రియో లేని రాత్రుల్లో ఒక్కరినే కూర్చోబెడతారా, అలాంటి రాత్రులు వారానికి ఎన్ని? మధ్యలో మానేయాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, తిరుగు ప్రయాణం ఖర్చు ఎవరిది? అన్నిటికీ రాతపూర్వకంగా జవాబులు వచ్చేదాకా సంతకం పెట్టకండి. మొదటి ప్రశ్నకి, నాలుగో ప్రశ్నకి వచ్చే జవాబులు నాకు కూడా రాయండి. మీరు రోజూ ఎవరి పక్కన కూర్చుంటారో వాటిని బట్టే తెలుస్తుంది.